గడియారం తన గుట్టు విప్పితే

గడియారం మనకు టైము చెబుతుంది. ఆ టైమును ఎలా లెక్కపెట్టిందో మాత్రం చెప్పదు. పన్నెండు అంకెలూ మూడు ముళ్ళూ ఉన్న ముఖాన్ని మనకు చూపించి, పని చేసే భాగమంతా దాని వెనుక దాచుకుంటుంది. మూత తీసి చూద్దామంటే ఇంట్లో పెద్దలు ఊరుకోరు. వారి భయం న్యాయమైనదే. లోపలి ఇరుసుల్లో కొన్నింటి కొనలు ఇంచుమించు తలవెంట్రుకంత సన్నగా ఉంటాయి. చిన్న దుమ్ము రేణువు పడినా గడియారం తడబడుతుంది.

అయితే అన్ని గడియారాలూ ఇంత గుట్టుగా ఉండవు. కొన్ని చేతి గడియారాలకు డయలు ఉండీ లేనట్టే ఉంటుంది. ముళ్ళ వెనుక పళ్ళ చక్రాలు, చుట్ట చుట్టుకున్న స్ప్రింగు, అటూ ఇటూ ఊగే ఒక చక్రం కనిపిస్తూనే ఉంటాయి. వీటిని స్కెలిటన్ వాచీలు అంటారు. స్కెలిటన్ అంటే అస్థిపంజరం. మాంసం తీసేసి ఎముకలు మిగిల్చినట్టు, అవసరం లేని లోహమంతా చెక్కివేసి యంత్రాన్ని మాత్రం మిగిల్చిన గడియారం అన్నమాట. కొన్నింటిలో డయలు మామూలుగానే ఉండి, ఒక పక్కన గుండ్రని కిటికీ మాత్రం ఉంటుంది. అందులోంచి ఊగే చక్రం గుండెలా కొట్టుకుంటూ కనిపిస్తుంది. వాటికి ఓపెన్ హార్ట్ వాచీలని పేరు.

మన వైపు తీర్థాల్లో, పట్నంలోని దుకాణాల్లో ఇలాంటి వాచీలు ఇప్పుడు తరచు కనిపిస్తున్నాయి. ఇక్కడే ఒక చిక్కు ఉంది. కొన్నింటిలో కనిపించేది నిజమైన యంత్రం. మరికొన్నింటిలో చక్రాలు అలంకారం మాత్రమే. డయలు మీద చక్రాల బొమ్మ అచ్చువేసో, రేకు చక్రాలు అతికించో, లోపల బ్యాటరీతో నడిచే యంత్రం పెడతారు. దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా మెరుస్తాయి. మరి ఏది నిజమో తేల్చుకోవడం ఎలా? దుకాణదారు మాట మీద ఆధారపడనక్కరలేదు. గడియారం ఎలా నడుస్తుందో తెలిస్తే మన కళ్ళే తీర్పు చెబుతాయి. ముందుగా ఆ సంగతి చూద్దాం.

రెండు స్ప్రింగులు, రెండు పనులు

కీ ఇచ్చే గడియారంలో రెండు స్ప్రింగులు ఉంటాయి. ఒకటి బలం ఇస్తుంది. రెండవది లెక్క పెడుతుంది. ఈ తేడాను మనసులో ఉంచుకుంటే మిగిలినదంతా సులువుగా అర్థమవుతుంది.

బలమిచ్చేది మెయిన్ స్ప్రింగు. ఇది పొడవైన ఉక్కు పట్టీ. బ్యారెల్ అనే గుండ్రని డబ్బీలో చుట్టగా ఉంటుంది. మనం కీ తిప్పినప్పుడు ఈ పట్టీ బిగుసుకుంటుంది. మన వేళ్ళు చేసిన పని అందులో స్థితిశక్తిగా నిలువ ఉంటుంది. తరువాత స్ప్రింగు విప్పుకుంటూ బ్యారెల్‌ను తిప్పుతుంది. బ్యారెల్ అంచున ఉన్న పళ్ళు పక్క చక్రాన్ని తిప్పుతాయి. అది మరో చక్రాన్ని తిప్పుతుంది. ఇలా బలం వరసగా చేతులు మారుతూ ముందుకు పోతుంది.

కానీ స్ప్రింగుకు ఓర్పు లేదు. అడ్డు లేకపోతే కొన్ని క్షణాల్లోనే బర్రున విప్పుకుని ఊరుకుంటుంది. మీరు ఆడుకున్న కీ బొమ్మ కారు గుర్తు తెచ్చుకోండి. కీ ఇచ్చి వదిలితే గదికి ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తి ఆగిపోతుంది. వాచీ మాత్రం అదే బలాన్ని దాదాపు 40 గంటల పాటు పొదుపుగా వాడుకుంటుంది. అంటే ఆ బలాన్ని కొంచెం కొంచెంగా, సమానమైన వాయిదాలలో వదిలే ఏర్పాటు ఏదో ఉండాలి. ఆ వాయిదాలను కొలిచేదే రెండవ స్ప్రింగు.

ఊగుడు చక్రం

లఘులోలకం గురించి మీరు పాఠంలో చదివే ఉంటారు. దారానికి గుండు కట్టి ఊపితే, ఊపు చిన్నదైనంత వరకు, ఒక్కొక్క డోలనానికి పట్టే కాలం మారదు. ఈ గుణాన్ని వాడుకుని డచ్చి శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ 1656లో లోలక గడియారాన్ని రూపొందించాడు. అయితే లోలకానికి ఒక పరిమితి ఉంది. దాన్ని వెనక్కు లాగేది భూమ్యాకర్షణ. కనుక గడియారం నిటారుగా, కదలకుండా ఉండాలి. చేతికి కట్టుకుని పరుగెత్తితే లోలకం పని సాగదు.

దీనికి ఉపాయం కూడా హైగెన్స్ 1675లో చూపించాడు. భూమ్యాకర్షణకు బదులు సన్నని చుట్ట స్ప్రింగును వాడాడు. ఒక చక్రం ఇరుసుకు ఈ స్ప్రింగు లోపలి కొసను, గడియారపు చట్రానికి వెలుపలి కొసను బిగిస్తారు. చక్రాన్ని ఏ పక్కకు తిప్పినా స్ప్రింగు దాన్ని మధ్యకు లాగుతుంది. వేగం మీద ఉన్న చక్రం మధ్యలో ఆగక అవతలి పక్కకు పోతుంది. మళ్ళీ స్ప్రింగు లాగుతుంది. ఇలా చక్రం అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. దీని పేరు బ్యాలెన్స్ వీలు. మనం ఊగుడు చక్రం అందాం. ఆ సన్నని స్ప్రింగు హెయిర్ స్ప్రింగు. ఇంగ్లండులో రాబర్ట్ హుక్ కూడా ఈ ఆలోచన ముందు తనదేనని వాదించాడు. స్ప్రింగు ఎంత సాగితే అంత బలంతో వెనక్కు లాగుతుందన్న నియమం ఆయన పేరుతోనే మీ పాఠ్యపుస్తకంలో ఉంది. ఊగుడు చక్రం దాదాపు ఒకే కాలంలో ఊగడానికి కారణం ఆ నియమమే.

పాత కీ వాచీలలో ఎక్కువ భాగం గంటకు 18,000 ఊపులు ఊగుతాయి. అంటే సెకనుకు 5. ఒక పక్కకు పోయే కదలికను ఇక్కడ ఒక ఊపుగా లెక్కపెడుతున్నాం. పోయి రావడం కలిస్తే ఒక డోలనం. కాబట్టి ఆవర్తన కాలం 0.4 సెకను. లోలకం ఇంత త్వరగా ఊగాలంటే దాని పొడవు సుమారు 4 సెంటీమీటర్లు ఉండాలి. సూత్రం మీకు తెలుసు కనుక లెక్క వేసి సరిచూసుకోండి.

మరో లెక్క కూడా చేద్దాం. ఊగుడు చక్రం వ్యాసం 10 మిల్లీమీటర్లు అనుకుందాం. చుట్టుకొలత 31.4 మిల్లీమీటర్లు. బాగా నడుస్తున్న వాచీలో ఒక్కొక్క ఊపుకు చక్రం దాదాపు ఒకటిన్నర చుట్టు తిరుగుతుంది. అంటే అంచు మీది చుక్క ఒక ఊపులో సుమారు 47 మిల్లీమీటర్లు ప్రయాణిస్తుంది. రోజుకు 4,32,000 ఊపులు. రెండింటినీ గుణిస్తే సుమారు 20 కిలోమీటర్లు! మా నక్కపల్లి నుంచి తుని వెళ్ళే దారి ఇంచుమించు అంత ఉంటుంది. గోరంత చక్రం మణికట్టు మీద కూర్చునే ప్రతి రోజూ అంత దూరం నడుస్తున్నదన్నమాట.

ఈ చక్రానికి ఎండంటే భయం. వేడికి చక్రం వ్యాకోచిస్తుంది. ఉక్కు స్ప్రింగు స్థితిస్థాపకత తగ్గి మెత్తబడుతుంది. రెండింటి వల్లా గడియారం వెనకబడుతుంది. స్విట్జర్లాండులో ఒక గడియారాల పనివాడి ఇంట పుట్టిన షార్ల్ ఎడ్వార్ గియోమ్ అనే భౌతిక శాస్త్రవేత్త నికెలు, ఉక్కు కలిసిన మిశ్రలోహాలను పరిశోధించి, వేడికి అంతగా లొంగని లోహాలను కనుగొన్నాడు. ఆ పరిశోధనకు 1920లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. హెయిర్ స్ప్రింగు ఎంత ముఖ్యమో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఆపేదీ తోసేదీ ఒకటే

ఇప్పుడు బలమిచ్చే స్ప్రింగు ఒక చివర ఉంది. లెక్కపెట్టే చక్రం మరో చివర ఉంది. ఇద్దరి మధ్యా ఒప్పందం కుదర్చాలి. ఆ పని చేసేది ఎస్కేప్‌మెంట్ అనే ఏర్పాటు. ఇందులో రెండు భాగాలు. ఒకటి, వంగిన పళ్ళున్న ఎస్కేప్ చక్రం. రెండు, లంగరు ఆకారంలో ఉన్న లివరు. లివరు రెండు చేతులకూ రెండు చిన్న కెంపు రాళ్ళు పొదిగి ఉంటాయి.

ఎస్కేప్ చక్రం తిరగాలని తొందరపడుతూ ఉంటుంది. కానీ దాని పన్ను ఒకటి లివరు మీది రాయికి తగిలి ఆగిపోయి ఉంటుంది. ఇంతలో ఊగుడు చక్రం వచ్చి, తన ఇరుసు దగ్గర ఉన్న చిన్న మేకుతో లివరు తోకను తడుతుంది. లివరు కొంచెం కదులుతుంది. పన్ను విడుదలై ముందుకు జారుతుంది. జారుతూ జారుతూ రాయి వాలు ముఖాన్ని నెడుతుంది. ఆ నెట్టు లివరు తోక ద్వారా ఊగుడు చక్రానికి చేరుతుంది. ఆ వెంటనే అవతలి వైపు రాయి మీద మరో పన్ను వచ్చి తగులుతుంది. టిక్! ఊగుడు చక్రం తిరిగి వచ్చినప్పుడు అటు వైపు ఇదే జరుగుతుంది. టక్! మనం వినే చప్పుడు ఇదే.

అట్లతద్దినాడు ఉయ్యాల ఊపే పిల్లలను గమనించారా? ఉయ్యాల తమ దగ్గరకు వచ్చి వెనక్కు మళ్ళే సమయానికే చేత్తో కొంచెం నెడతారు. అంతకు మించి దాన్ని పట్టుకోరు. పట్టుకుంటే ఊపు చెడుతుంది. ఎస్కేప్‌మెంట్ కూడా అంతే. ఊగుడు చక్రాన్ని క్షణం సేపు ముట్టుకుని, పోగొట్టుకున్న శక్తిని తిరిగి ఇచ్చి వదిలేస్తుంది. ఆ ఒక్క క్షణంలోనే ఒక పన్నును వదిలి లెక్క కూడా వేసుకుంటుంది. గుడి దగ్గర వరసలో నిలుచున్న వారిని ఒక్కొక్కరిగా లోపలికి వదిలే మనిషి తలలు కూడా లెక్కపెట్టినట్టు! ఈ లివరు పద్ధతిని 1755 ప్రాంతంలో కనిపెట్టినవాడు ఇంగ్లండుకు చెందిన థామస్ మడ్జ్. చేతి గడియారాలలో అత్యధిక భాగం నేటికీ ఆ పద్ధతిలోనే నడుస్తున్నాయి.

పళ్ళు లెక్కపెడదాం

సెకనుకు 5 ఊపులను గంటలుగా, నిమిషాలుగా మార్చేది పళ్ళ చక్రాల వరస. సైకిలులో పెడలు దగ్గరి పెద్ద పళ్ళచక్రం ఒకసారి తిరిగితే వెనుక చిన్నది రెండు మూడు సార్లు తిరుగుతుంది కదా! అదే సూత్రం. గడియారంలో గొలుసు ఉండదు, అంతే. పెద్ద చక్రం పళ్ళు పక్క ఇరుసు మీది చిన్న చక్రం పళ్ళతో నేరుగా కలుస్తాయి. ఆ చిన్న చక్రాన్ని పినియన్ అంటారు.

ఒక మాదిరి వాచీ తీసుకుందాం. నిమిషాల ముల్లును తిప్పే మధ్య చక్రానికి 64 పళ్ళు. అది మూడవ చక్రపు 8 పళ్ళ పినియన్‌ను తిప్పుతుంది. 64ను 8తో భాగిస్తే 8. మూడవ చక్రానికి 60 పళ్ళు. అది నాలుగవ చక్రపు 8 పళ్ళ పినియన్‌ను తిప్పుతుంది. 60ని 8తో భాగిస్తే 7.5. ఈ రెండింటినీ గుణిస్తే 60. అంటే మధ్య చక్రం గంటకు ఒకసారి తిరిగితే నాలుగవ చక్రం నిమిషానికి ఒకసారి తిరుగుతుంది. సెకన్ల ముల్లుకు కావలసిన వేగం ఇదే.

నాలుగవ చక్రానికి 70 పళ్ళు, ఎస్కేప్ పినియన్‌కు 7 పళ్ళు. కనుక ఎస్కేప్ చక్రం నిమిషానికి 10 సార్లు తిరుగుతుంది. దానికి 15 పళ్ళు. ఒక్కొక్క పన్ను దాటడానికి రెండు ఊపులు. ఒక చుట్టుకు 30 ఊపులు. ఇప్పుడు గుణించండి. 60 × 10 × 30 = 18,000. గంటకు 18,000 ఊపులు! పళ్ళలో ఒక్కటి ఎక్కువైనా తక్కువైనా ఈ లెక్క కుదరదు. గంటల ముల్లుకు కావలసిన 12 రెట్ల తగ్గింపును డయలు కింద ఉండే మరో జత చక్రాలు 3 రెట్లు, 4 రెట్లుగా పంచుకుంటాయి.

ఇక బలం సంగతి. బ్యారెల్‌కు 80 పళ్ళు, మధ్య చక్రం పినియన్‌కు 10 పళ్ళు అనుకుందాం. బ్యారెల్ 8 గంటలకు ఒక చుట్టు తిరుగుతుంది. 5 చుట్లకు 40 గంటలు. ఆ ఒక్క చుట్టు తిరిగే సమయంలో ఎస్కేప్ చక్రం 4,800 చుట్లు తిరుగుతుంది. వేగం ఇన్ని రెట్లు పెరిగితే తిప్పే బలం అన్ని రెట్లు తగ్గుతుంది. వరస చివరకు చేరేసరికి మిగిలేది చాలా స్వల్పం. అందుకే ఘర్షణ ఏమాత్రం పెరిగినా గడియారం ఆగిపోతుంది. ఆ ఘర్షణను తగ్గించడానికే వాచీలో రాళ్ళు పెడతారు.

పదిహేడు రాళ్ళ వాచీ

“పదిహేడు రాళ్ళ వాచీ” అని పెద్దలు గొప్పగా చెప్పుకోవడం మీరు వినే ఉంటారు. ఆ రాళ్ళు నగల్లో పెట్టే విలువైన కెంపులు కావు. అల్యూమినియం ఆక్సైడును కరిగించి తయారు చేసే కృత్రిమ కెంపులు. దీని పద్ధతిని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఒగుస్త్ వెర్న్యూయ్ 1902లో ప్రకటించాడు. కెంపు చాలా గట్టిది. నున్నగా సానపట్టిన కెంపు రంధ్రంలో ఉక్కు ఇరుసు తక్కువ ఘర్షణతో, ఏళ్ళ తరబడి అరగకుండా తిరుగుతుంది.

మామూలు పదిహేడు రాళ్ళ వాచీలో అవి ఎక్కడెక్కడ ఉంటాయో చూడండి. ఊగుడు చక్రం ఇరుసుకు 4, దాని మేకు 1, లివరు చేతులకు 2, లివరు ఇరుసుకు 2, ఎస్కేప్ చక్రం, నాలుగవ చక్రం, మూడవ చక్రం, మధ్య చక్రం ఒక్కొక్కదానికి 2. మొత్తం 17. స్కెలిటన్ వాచీలో ఇవి ఎర్రని చుక్కల్లా కనిపిస్తాయి. ఎర్ర చుక్క ఉన్న చోటల్లా ఏదో ఒక ఇరుసు తిరుగుతూనో, ఏదో ఒకటి రాపిడి పడుతూనో ఉండాలి. ఈ సంగతి గుర్తుంచుకోండి. మన పరీక్షకు పనికివస్తుంది.

ఎంత చెక్కాలి? ఎంత మిగల్చాలి?

ఈ చక్రాలన్నింటికీ ఆధారం ఒక ఇత్తడి పలక. పై నుంచి వాటిని పట్టి ఉంచేవి వంతెనలు. మామూలు వాచీలో ఈ పలకలు యంత్రాన్ని చాలావరకు కప్పేస్తాయి. స్కెలిటన్ వాచీ తయారు చేసేవాడు కంసాలి వాడేటంత సన్నని రంపంతో ఈ పలకలను కోసి, ఆకురాళ్ళతో అంచులు నునుపు చేస్తాడు. ఫ్రాన్సులో పదిహేనవ లూయీ కాలంలో, 1760 ప్రాంతంలో, ఆంద్రే షార్ల్ కారోన్ అనే పారిస్ గడియారాల పనివాడు మొట్టమొదట ఇలాంటి గడియారం చేశాడని చెబుతారు. ఆయన కొడుకు పియేర్ 21 ఏళ్ళ వయసులో ఒక కొత్త ఎస్కేప్‌మెంట్ కనిపెట్టాడు. రాజుగారి గడియారాల పనివాడొకడు అది తనదని ప్రకటించుకున్నాడు. కుర్రవాడు బెదరక తన నమూనాలతో ఫ్రెంచి సైన్సు అకాడమీకి వెళ్ళాడు. 1754లో అకాడమీ కుర్రవాడి పక్షాన తీర్పు ఇచ్చింది. ఆ పియేర్ తరువాత బోమార్షే అనే పేరుతో గొప్ప నాటక రచయిత అయ్యాడు. ఆయన బావ జాఁ ఆంత్వాన్ లెపీన్ పెద్ద పై పలకకు బదులు విడివిడి సన్నని వంతెనలు వాడి గడియారాన్ని పలచన చేశాడు. యంత్రం బయటికి కనిపించడానికి అది కూడా దారి తీసింది.

ఎంత వరకు చెక్కవచ్చు? ఇది అందానికి సంబంధించిన ప్రశ్న కాదు, బలానికి సంబంధించినది. రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద 1974లో ప్రారంభమైన రోడ్డు, రైలు వంతెన చూసినవారికి ఇది తెలుస్తుంది. దాని పక్కలు గోడల్లా మూసి ఉండవు. ఇనుప దూలాలు త్రిభుజాలుగా అల్లుకుని ఉంటాయి. బరువు ప్రవహించే దారిలో మాత్రమే లోహం ఉంటుంది. మిగిలిన చోట గాలి. స్కెలిటన్ వాచీ పలక కూడా అంతే. ఇరుసుకూ ఇరుసుకూ మధ్య దూరం మారకుండా పట్టి ఉంచేంత లోహం మిగలాలి. అంతకన్న తగ్గితే పలక కొద్దిగా వంగుతుంది. చక్రాల పళ్ళు సరిగా కలవవు. గడియారం నిలిచిపోతుంది.

కాబట్టి స్కెలిటన్ వాచీ మామూలు వాచీ కన్న కచ్చితమైన టైము చూపిస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. చెక్కడం వల్ల కచ్చితత్వం పెరగదు. ముళ్ళు వెనుక చక్రాల్లో కలిసిపోయి టైము చూడడం కొంచెం కష్టం కూడా. దాని లాభం వేరు. ఏది లేకుండా గడియారం నడవదో అది మాత్రమే మన కళ్ళ ముందు మిగిలి ఉంటుంది.

హైదరాబాదులో చూడవచ్చు

ఈ రకం గడియారాలు చూడడానికి ఫ్రాన్సు వెళ్ళనక్కరలేదు. హైదరాబాదులో మూసీ నది ఒడ్డున సాలార్ జంగ్ మ్యూజియం ఉంది. మూడవ సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ (1889–1949) సేకరించిన వస్తువులతో 1951లో ఇది ప్రారంభమైంది. ఇప్పుడున్న భవనంలోకి 1968లో మారింది. ఇందులో గడియారాలకు ప్రత్యేకమైన విభాగం ఉంది. ఫ్రాన్సు, ఇంగ్లండు, స్విట్జర్లాండు, జర్మనీ, హాలెండు దేశాల నుంచి వచ్చిన గడియారాలు అక్కడ ఉన్నాయి. పంజరంలో పిట్ట ఉన్న గడియారాలు, నిలువెత్తు గడియారాలు, వాటితో పాటు స్కెలిటన్ గడియారాలు కూడా ఉన్నాయి.

మ్యూజియంకు వెళ్ళినవారు తప్పకుండా చూసేది అక్కడి సంగీత గడియారం. ఇది కుక్ అండ్ కెల్వీ సంస్థ నుంచి కొన్నది. అందులో ఒక కమ్మరి బొమ్మ సుత్తితో సెకన్లు కొడుతూ ఉంటుంది. గంట కాబోయే ముందు గడ్డం మనిషి బొమ్మ ఒకటి బయటికి వచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి పోతుంది. దాని కోసం జనం గుమిగూడి నిలబడతారు. చూడముచ్చటైనదే, సందేహం లేదు. అయితే ఆ బొమ్మలను ఆడించే యంత్రం మనకు కనిపించదు. స్కెలిటన్ గడియారంలో బొమ్మలు లేవు, గంట కొట్టే మనిషి లేడు. కానీ దాచిపెట్టినదీ లేదు. సాధారణంగా వాటి మీద గాజు మూత ఉంటుంది. అది అందం కోసం మాత్రమే కాదు, యంత్రం బయటికి తెరుచుకుని ఉన్నందువల్ల దుమ్ము పడకుండా.

మన ఇళ్ళలోని వాచీలు

చాలా కాలం మనదేశంలో విదేశీ వాచీలే వాడారు. ప్రభుత్వ సంస్థ హెచ్.ఎం.టి. జపాను దేశపు సిటిజన్ సంస్థ సహకారంతో 1961లో బెంగుళూరులో చేతి గడియారాల తయారీ మొదలుపెట్టింది. జనతా, పైలట్, కాంచన్ వంటి పేర్లు మీ తాతగారిని అడిగితే చెబుతారు. పెళ్ళికొడుక్కి వాచీ, పరీక్ష ప్యాసైన కొడుక్కి వాచీ అంటే హెచ్.ఎం.టి.యే. వీటికి వెనుక ఉక్కు మూత ఉండేది. లోపలి చక్రాలు చూడాలంటే కంటికి భూతద్దం తగిలించుకుని, గాజు పెట్టె వెనుక కూర్చున్న వాచీ మరమ్మతు పనివాడి దగ్గరకే పోవాలి.

ఇంతలో ప్రపంచంలో మరో మార్పు వచ్చింది. 1969 డిసెంబరులో జపానులో సైకో సంస్థ మొదటి క్వార్ట్జ్ చేతి గడియారాన్ని అమ్మకానికి పెట్టింది. అందులో ఊగుడు చక్రం లేదు. బ్యాటరీ ఇచ్చే విద్యుత్తుతో చిన్న క్వార్ట్జ్ స్ఫటికం కంపిస్తుంది. నేటి క్వార్ట్జ్ వాచీలలో ఈ కంపనాలు సెకనుకు 32,768. రెండును పదిహేను సార్లు వేసి గుణిస్తే వచ్చే సంఖ్య ఇది. ఎలక్ట్రానిక్ వలయం దీన్ని పదిహేను సార్లు సగం చేస్తే సెకనుకు ఒకటి మిగులుతుంది. కీ వాచీ రోజుకు 20, 30 సెకన్లు తేడా చూపిస్తే, చవక క్వార్ట్జ్ వాచీ నెలకు అంత తేడా చూపిస్తుంది. టైము కోసమే అయితే పందెంలో గెలిచింది క్వార్ట్జే. తెలుగువారు కూడా ఎంతోమంది ఉండే తమిళనాడులోని హోసూరులో టైటాన్ సంస్థ 1980లలో ఈ వాచీల తయారీ చేపట్టింది. హెచ్.ఎం.టి. వాచీల సంస్థను మూసివేయాలని 2016లో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది.

ఇప్పుడు మీ ఇంట్లో బీరువాలో ఆగిపోయిన పాత కీ వాచీ ఒకటి ఉండవచ్చు. దానికి కొత్త విడిభాగాలు దొరకడం కష్టం. పనివాడు పాడైన మరో వాచీ నుంచి చక్రం తీసి దీనికి వేస్తాడు. అయినా అది బాగుపడగలదు. ఎందుకంటే ఏ భాగం ఏ పని చేస్తుందో కంటితో చూసి తెలుసుకోవచ్చు. క్వార్ట్జ్ వాచీలోని ఎలక్ట్రానిక్ ముక్క చెడిపోతే దాన్ని చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. తీసేసి మరొకటి పెట్టడమే. ఎక్కువ కచ్చితత్వం కోసం మనం ఇచ్చిన మూల్యం ఇదే. తప్పని కాదు, తెలిసి ఇవ్వడం మంచిది.

తీర్పు మీదే

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. చక్రాలు కనిపించే వాచీ మీ చేతికి వచ్చింది. అది నిజమైనదా? ఇలా పరీక్షించండి.

ఒకటి. అటూ ఇటూ ఊగే చక్రం ఉందా? ఒకే దిక్కున తిరిగే చక్రాన్ని చూసి మోసపోకండి. సెకన్ల ముల్లు ఇరుసుకు రేకు చక్రం తగిలించినా తిరుగుతుంది. ఊగేది ఉండాలి. ఆ చక్రం మధ్యలో హెయిర్ స్ప్రింగు ఊపిరి తీసినట్టు విచ్చుకుంటూ ముడుచుకుంటూ కనిపించాలి.

రెండు. సెకన్ల ముల్లును గమనించండి. కీ వాచీలో అది సెకనుకు ఐదో అంతకన్న ఎక్కువో చిన్న అడుగులు వేస్తూ దాదాపు జారినట్టు పోతుంది. మామూలు క్వార్ట్జ్ వాచీలో సెకనుకు ఒక్క గెంతు గెంతుతుంది.

మూడు. చెవి దగ్గర పెట్టుకుని వినండి. గబగబా టిక్‌టిక్ మంటే కీ వాచీ. సెకనుకు ఒక్క టిక్ అయితే బ్యాటరీ వాచీ.

నాలుగు. ఎర్ర చుక్కలను చూడండి. వాటిలో ఇరుసులు ఉన్నాయా, లేక ఊరికే రంగు పూశారా?

ఐదు. ఇంట్లో స్లో మోషన్ ఉన్న ఫోను ఉంటే పెద్దల అనుమతితో ఊగుడు చక్రాన్ని చిత్రించండి. సెకనుకు 240 బొమ్మలు తీసే ఫోను అయితే, సెకనుకు 5 ఊపులు ఊగే చక్రానికి ఒక్కొక్క ఊపులో 48 బొమ్మలు వస్తాయి. బొమ్మలు లెక్కపెట్టి, మీ వాచీ గంటకు ఎన్ని ఊపులు ఊగుతోందో మీరే కనుక్కోవచ్చు. కొత్త వాచీలలో చాలావాటికి 21,600 లేక 28,800 వస్తుంది.

ధర చూసి మాత్రం తీర్పు చెప్పకండి. చైనాలో తయారై చవకగా అమ్ముడుపోయే స్కెలిటన్ వాచీలలోనూ నిజమైన యంత్రాలు ఉంటాయి. అలాగే “ఆటోమేటిక్ వాచీ నాడి కొట్టుకోవడం వల్ల నడుస్తుంది” అనేవారు ఉంటారు. అది నిజం కాదు. ఆటోమేటిక్ వాచీ వెనుక అర్ధచంద్రాకారంలో బరువైన రేకు ఉంటుంది. చెయ్యి కదిలినప్పుడు అది తన బరువు వల్ల తిరిగి మెయిన్ స్ప్రింగును బిగిస్తుంది. నమ్మకం లేకపోతే వాచీని చేతి నుంచి తీసి, మెల్లగా అటూ ఇటూ తిప్పి చూడండి. నాడి లేకపోయినా రేకు తిరుగుతుంది.

ఒక జాగ్రత్త. ఏ వాచీనైనా స్పీకర్ల దగ్గర, అయస్కాంతాల దగ్గర పెట్టకండి. హెయిర్ స్ప్రింగు అయస్కాంతత్వం పొందితే దాని చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. స్ప్రింగు పొట్టిదైనట్టు అయి వాచీ విపరీతంగా ముందుకు పరుగెడుతుంది.

ఈసారి హైదరాబాదు వెళ్ళినప్పుడు సంగీత గడియారం దగ్గర గంట కొట్టడం చూశాక, స్కెలిటన్ గడియారం ముందు కూడా ఐదు నిమిషాలు నిలబడండి. బలం ఎక్కడ పుడుతోంది, లెక్క ఎక్కడ జరుగుతోంది, రెండూ ఎక్కడ కలుస్తున్నాయి అని వెతకండి. ఈ మూడు చోట్లనూ వేలితో చూపించగలిగితే ఆ గడియారం తన గుట్టంతా మీకు చెప్పేసినట్టే.